మైకు లేని గొంతు: ఒపెరా, బ్యాలే చూడడం నేర్చుకున్న నా అనుభవం

2020 మార్చి 16వ తేదీ రాత్రి ఏడున్నర గంటలకు, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మా వంటింటి బల్ల మీద లాప్‌టాప్ తెరిచి, జీవితంలో మొదటిసారి ఒపెరా, అంటే పాటలతో నడిచే పాశ్చాత్య సంగీత నాటకం, చూడడానికి కూర్చున్నాను. కోవిడ్ కారణంగా నాలుగు రోజుల కిందటే తలుపులు మూసుకున్న న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరా, లోగడ చిత్రీకరించి ఉంచిన తన ప్రదర్శనలను రాత్రికొకటి చొప్పున ఇంటర్నెట్‌లో ఉచితంగా చూపించడం ఆ రోజే మొదలుపెట్టింది. ఒక్కొక్క ప్రదర్శన కనీసం 20 గంటలపాటు అందుబాటులో ఉండేది. మర్నాడు సాయంత్రం దాని స్థానంలో మరొకటి వచ్చేది. మొదటి రాత్రి బిజే స్వరపరచిన ‘కార్మెన్’. గంటసేపు రైల్లో కూర్చుంటే చేరుకోగలిగినంత దగ్గరలో ఉన్నా, పదకొండేళ్ళుగా నేను ఒక్కసారీ గడప తొక్కని ఆ రంగశాల తనంతట తానే మా ఇంటికి వచ్చింది.

అయినా ఆ రాత్రి మూడో అంకం చేరకుండానే లేచిపోయాను. ఒకపక్క పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది, మరోపక్క తెర అడుగున ఇంగ్లీషు అక్షరాలు వచ్చిపోతున్నాయి, ఎవరు ఎవరిని ప్రేమిస్తున్నారో, ఎందుకు కోప్పడుతున్నారో పట్టుబడేలోగా పాట మారిపోతోంది. ఒకే మాటను నాలుగైదుసార్లు సాగదీసి పాడుతుంటే కథ ముందుకు నడవదేమిటన్న విసుగు కూడా కలిగింది. మర్నాడు తెనాలిలో ఉన్న నాన్నకు ఫోన్‌లో ఈ మాట చెప్పాను. నాన్న ముప్ఫై ఏళ్ళు ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పారు. అంతకు మించి, పద్యనాటకం ఎక్కడ ఆడుతున్నారంటే అక్కడికి సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి, తెల్లవారాక ఇల్లు చేరిన మనిషి. “కథ తెలియకుండా నాటకానికి వెళ్ళేవాళ్ళు ఎవరుంటారమ్మా? రాయబారానికి వచ్చిన కృష్ణుడు ఏం చెబుతాడో తెలుసుకుందామని మేం వెళ్ళామా? ఆ పద్యాన్ని ఈ నటుడు ఎలా ఎత్తుకుంటాడో, ఎక్కడ ఆపుతాడో వినడానికి వెళ్ళాం. నువ్వు కథ కోసం కూర్చున్నావు కాబట్టి నీకు పాట అడ్డం వచ్చింది,” అన్నారు.

ఆ మాట నాకు దారి చూపించింది. ఆ తర్వాత ఏ ఒపెరా చూడాలన్నా ముందు దాని కథను పూర్తిగా చదివి, అంకానికి నాలుగు వాక్యాల చొప్పున తెలుగులో ఒక నోటు పుస్తకంలో రాసుకునేదాన్ని. ఆరియాలలో, అంటే ఒక్క గొంతు నిలబడి పాడే ప్రధానమైన పాటలలో, రెండింటిని ఎంచుకుని పాఠాన్ని ఎదురుగా పెట్టుకుని ముందే వినేదాన్ని. వంట, గిన్నెలు అన్నీ ముగించి, ఫోను మరో గదిలో పెట్టి, అప్పుడు కూర్చునేదాన్ని. ఇటాలియన్ ఒపెరాలు నాకు తొందరగా దగ్గరయ్యాయి. ఆ భాషలో మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి. మన తెలుగు అజంత భాష అని బడిలో చదివినప్పుడు దాని వల్ల ప్రయోజనమేమిటో తెలియలేదు కాని, ఒక గాయని మాట చివరి ‘ఆ’ మీదనో ‘ఓ’ మీదనో నిలిచి, ఊపిరి ఉన్నంతసేపూ దాన్ని పెంచుతూ తగ్గిస్తూ పోవడం విన్నప్పుడు, త్యాగరాజ కీర్తనలో పల్లవి చివర గొంతు నిలవడానికి చోటెలా దొరుకుతుందో అర్థమైంది. జర్మన్‌లో హల్లులు మాటను మూసివేస్తాయి. దాని అందం వేరు, అది నాకు పట్టుబడడానికి మరో రెండేళ్ళు పట్టింది.

ఆ ఏడాది చూసినవాటిలో నన్ను కదలకుండా కూర్చోబెట్టింది స్వరకర్త ఫిలిప్ గ్లాస్ ‘సత్యాగ్రహ’. దక్షిణాఫ్రికాలో గాంధీ గడిపిన సంవత్సరాల మీద రాసిన ఈ ఒపెరా 1980లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో మొదటిసారి ప్రదర్శితమైంది. దీనిలో పాడే మాటలన్నీ సంస్కృతమే, అన్నీ భగవద్గీతలోవే. 2011లో సినిమా హాళ్ళకు ప్రసారం చేసిన రికార్డింగును నేను చూశాను. మొదటి దృశ్యంలో గాంధీ పాత్రధారి నిదానంగా ‘యోత్స్యమానానవేక్షేఽహం’ అని ఎత్తుకున్నప్పుడు, మా నాయనమ్మ పారాయణలో అలవోకగా దొర్లిపోయిన ఆ అక్షరాలు ఒక్కొక్కటీ విడివిడిగా నిలబడ్డాయి. ఉచ్చారణ మనకు అలవాటైనట్టు లేదు. అది నాకు లోపంగా తోచలేదు. చివరి అంకంలో గాంధీ ఒంటరిగా ఒకే ఆరోహణను మళ్ళీ మళ్ళీ పాడతాడు. పాశ్చాత్య సంగీతంలో ఫ్రిజియన్ అనే ఆ స్వరశ్రేణి మన హనుమత్తోడి మేళకర్త స్వరాలే. గమకం ఒక్కటీ లేని తోడిని, మెట్టు మీద మెట్టు ఎక్కినట్టుగా ముప్ఫైసార్లు వింటే ఎలా ఉంటుందో నేను ఊహించి ఉండలేను. మొదట పదిసార్లు ఎదురుచూశాను, ఏదైనా మారుతుందేమోనని. ఆ తర్వాత ఎదురుచూడడం మానేశాను. అప్పటి నుంచే నిజంగా విన్నాను.

లాప్‌టాప్ నుంచి సినిమా హాలుకు వెళ్ళడం రెండో మెట్టు. మెట్రోపాలిటన్ ఒపెరా 2006 డిసెంబర్ 30న మోట్సార్ట్ ‘మ్యాజిక్ ఫ్లూట్’తో ప్రత్యక్ష ప్రసారాలను మొదలుపెట్టింది, న్యూయార్క్‌లో శనివారం మధ్యాహ్నం జరిగే ప్రదర్శన అదే సమయానికి ఉపగ్రహం ద్వారా అనేక దేశాల సినిమా హాళ్ళకు చేరుతుంది. ముంబయిలోని ఎన్‌సీపీఏ అనే కళాకేంద్రంలో కూడా వీటిని చూపిస్తూ వచ్చారు. నేను 2021 శరత్కాలంలో, మాస్కు కట్టుకుని, మా దగ్గరలోని మల్టీప్లెక్సుకు వెళ్ళడం మొదలుపెట్టాను. ప్రేక్షకులలో చాలామంది నాకన్నా ఇరవై ముప్ఫై ఏళ్ళు పెద్దవారు, ఇంట్లో చేసుకున్న శాండ్‌విచ్‌లు వెంట తెచ్చుకునేవారు, పాట ముగిశాక తెరకు చప్పట్లు కొట్టాలా వద్దా అని ఒక క్షణం తటపటాయించి కొందరు కొట్టేవారు.

సినిమా హాలు నాకు ముఖాలను ఇచ్చింది. పైస్థాయి స్వరాన్ని అందుకోబోయే ముందు గాయని పక్కటెముకలు ఎలా విచ్చుకుంటాయో, నాలుక ఎంత కిందికి పరుచుకుంటుందో, కంటి చివర చెమట ఎలా నిలుస్తుందో కెమెరా దగ్గరికి వెళ్ళి చూపిస్తుంది. విరామంలో ప్రేక్షకులను లేవనివ్వకుండా వేదిక వెనక్కి తీసుకువెళ్ళి, సెట్లు మార్చే పనివారిని, అప్పుడే పాడి వచ్చి ఇంకా ఎగశ్వాస తీస్తున్న గాయకులను చూపిస్తారు. రంగశాలలో ఎంత ఖరీదైన సీటు కొన్నా ఇవేవీ కనిపించవు. ఇంతటి ఉపకారం చేసిన సినిమా హాలే నన్ను ఒక విషయంలో తప్పుదారి పట్టించింది కూడా. అక్కడ మనం వినేది మైకులు పట్టి, ఇంజనీర్లు సరిచూసి పంపిన ధ్వని. పెద్ద గొంతు, చిన్న గొంతు, వాద్యబృందం అన్నీ ఒకే కొలతకు వచ్చి చేరతాయి. ఎవరి గొంతు ఎంత దూరం పోతుందన్న ప్రశ్న అక్కడ పుట్టదు. ఒపెరా అనే కళ మొత్తం ఆ ప్రశ్న మీదే నిలబడి ఉందని నాకు 2022 మే నెల వరకు తెలియదు.

ఆ నెలలో మొదటిసారి రంగశాలకు వెళ్ళాను. మెట్రోపార్క్ స్టేషన్‌లో రైలెక్కి పెన్ స్టేషన్‌లో దిగి, 1వ నంబరు సబ్‌వేలో 66వ వీధికి చేరితే లింకన్ సెంటర్ వస్తుంది. మధ్యలో ఫౌంటెన్, ఎదురుగా అయిదు ఎత్తైన కమానులు, వాటి అద్దాల వెనక షగాల్ వేసిన రెండు పెద్ద చిత్రాలు. 1966లో తెరిచిన ఈ భవనంలో సుమారు 3,800 సీట్లున్నాయి. దుస్తుల విషయంలో నియమం ఏమీ లేదని తెలిసినా, ఎన్నో ఏళ్ళ ఎదురుచూపుకు మర్యాదగా వెంకటగిరి చీర కట్టుకున్నాను. నా సీటు అన్నిటికన్నా పైనున్న ఫ్యామిలీ సర్కిల్‌లో. అక్కడి నుంచి చూస్తే వేదిక మీద మనిషి బొటనవేలంత ఉంటాడు. ప్రదర్శన మొదలయ్యే ముందు, హాలు మధ్య వేలాడుతున్న స్ఫటిక దీపాల గుత్తులు (ఆస్ట్రియా ప్రభుత్వం బహూకరించినవి) మెల్లగా కాంతి తగ్గించుకుంటూ పైకప్పు వరకు లేచిపోతాయి. పై సీట్లలో ఉన్నవారికి వేదిక అడ్డు లేకుండా కనిపించడానికే ఆ ఏర్పాటు. కాని ఆ కదలికకు హాలంతా ఒక్కసారిగా నిశ్శబ్దమవుతుంది.

ప్రదర్శన పుచ్చీని ‘తురందోత్’. మొదటి పది నిమిషాలు నాకు కలిగింది నిరాశే, దాన్ని దాచడం న్యాయం కాదు. సినిమా హాలులో గుండెల మీద పడిన ధ్వని ఇక్కడ ఎక్కడో దూరంగా, చిన్నగా, కింద ఉన్నట్టు వినిపించింది. మైకు లేదు. అంత పెద్ద హాలులో, అంత పెద్ద వాద్యబృందం మీదుగా, గొంతు ఒక్కటే రావాలి. చెవి చేయి చాచి అందుకోవలసి వస్తోంది. క్రమంగా ఆ కొలతకు చెవి సర్దుకుంది. అంకం నడుమ లియూ అనే బానిస పిల్ల యువరాజును వేడుకునే ఆరియా ఉంది. దాని చివర గాయని పైస్థాయి స్వరాన్ని వీలైనంత మెల్లగా అందుకుని, తెంచకుండా పెంచాలి. ఆ సన్నని స్వరం నా దగ్గరికి వచ్చింది. గట్టిగా పాడితే రావడంలో వింత లేదు. అంత మెత్తగా పాడినది ఆ దూరం దాటి, పక్కన కూర్చున్న మనిషి చెవిలో చెప్పినంత స్పష్టంగా వచ్చింది. నా చేతుల మీద రోమాలు నిలిచాయి. తెర మీద ఆ పాటను అంతకుముందు నాలుగుసార్లు విని ఉన్నాను, అలా ఎన్నడూ జరగలేదు.

ఇది ఎలా సాధ్యమని తర్వాత చదివాను. వాద్యబృందపు శక్తి ఎక్కువగా సెకనుకు 500 కంపనాల ప్రాంతంలో ఉండి, అంతకన్నా పైకి పోయేకొద్దీ తగ్గుతుంది. శిక్షణ పొందిన ఒపెరా గొంతు, ముఖ్యంగా పురుషుల గొంతు, కంఠనాళాన్ని అమర్చుకునే పద్ధతి వల్ల సుమారు 3,000 కంపనాల దగ్గర ఒక అదనపు బలాన్ని తయారుచేసుకుంటుంది. వాద్యాలు బలహీనపడే ఆ సందులో నుంచి గొంతు దూరిపోతుంది. స్త్రీల పైస్థాయిలో పద్ధతి కొంత వేరు. నోటి ఆకారాన్ని స్వరానికి తగ్గట్టు మార్చుకుని బలం తెచ్చుకుంటారు, అందుకే ఆ ఎత్తులో మాటలు స్పష్టంగా వినిపించవు. దీన్ని నాన్నకు చెప్పినప్పుడు ఆయన ఆశ్చర్యపోలేదు. మైకులు రాక ముందు తమ ఊళ్ళలో నాటకం ఆడిన పాత నటులు ఊరి చివరి పందిరి దాకా పద్యం వినిపించేవారని, ఆ గొంతులు కంచు గంటల్లా ఉండేవని, మైకు వచ్చాక ఆ సాధన ఎవరికీ అవసరం లేకపోయిందని తన తండ్రి చెప్పేవారట. నాన్న కూడా ఆ గొంతులను వినలేదు. “నాకు తెలిసినప్పటికే మైకు వేలాడుతుండేది,” అన్నారు.

పాశ్చాత్య శాస్త్రీయ నృత్యమైన బ్యాలే విషయంలో నా అనుభవం దీనికి పూర్తిగా భిన్నం. చిన్నప్పుడు ఆరేళ్ళు కూచిపూడి నేర్చుకున్న నాకు బ్యాలే సులువుగా అందుతుందనుకున్నాను. తెర మీద చూసినప్పుడు అందలేదు. నాట్యంలో కెమెరా ఎప్పుడూ ఏదో ఒకటి కోసివేస్తుంది: ముఖం చూపిస్తే పాదాలు పోతాయి, ప్రధాన నర్తకిని చూపిస్తే ఆమె వెనక ఇరవైమంది కట్టిన వరస పోతుంది, దూరం నుంచి చూపిస్తే అందరూ బొమ్మలవుతారు. ఒపెరాలో దగ్గరికి వెళ్ళిన కెమెరా నాకు ఏదో ఇచ్చింది, బ్యాలేలో తీసుకుపోయింది. అందుకే ఎవరైనా అడిగితే, ఒపెరాను ముందు తెర మీద ఒకసారి చూసి తర్వాత హాలుకు వెళ్ళమంటాను, బ్యాలేను మాత్రం వీలైతే నేరుగా హాలులోనే మొదలుపెట్టమంటాను.

2023 వేసవిలో అమెరికన్ బ్యాలే థియేటర్ బృందం అదే వేదిక మీద ‘జిజెల్’ ప్రదర్శించింది. 1841లో పారిస్‌లో పుట్టిన ఈ బ్యాలేకు సంగీతం అడాల్ఫ్ ఆదమ్‌ది, కథ రాసిన ఇద్దరిలో ఒకరు కవి తియోఫిల్ గోతియే. దానికి మూడేళ్ళ ముందు, 1838లో, పుదుచ్చేరి దగ్గరి తిరువహీంద్రపురం నుంచి పారిస్ వెళ్ళిన దేవదాసీల నాట్యాన్ని చూసి, వారిలో అమ్మణి అనే యువతిని గురించి ముగ్ధుడై రాసింది కూడా ఈ గోతియేనే. ఆ విషయం తెలిసి ఉండడం వల్ల కాబోలు, నేను ఆ రోజు పాదాలకన్నా ముందు చేతులను చూశాను. బ్యాలేలో కూడా హస్తాలున్నాయి. తల మీద రెండు చేతులను ఒకదాని చుట్టూ ఒకటి తిప్పితే నాట్యమని అర్థం. ఉంగరపు వేలిని చూపిస్తే పెళ్ళి. రెండు వేళ్ళు ఆకాశం వైపు ఎత్తితే ప్రమాణం. పిడికిళ్ళు బిగించి మణికట్ల దగ్గర అడ్డంగా కిందికి దించితే మరణం. జమీందారు కుమార్తె పల్లెపిల్ల జిజెల్‌ను నీకేది ఇష్టమని అడిగినప్పుడు ఆమె చేతులు తల మీదికి వెళ్ళి తిరుగుతాయి. మారువేషంలో ఉన్న ప్రియుడు ఆమెకు ప్రమాణం చేయడానికి వేళ్ళెత్తుతాడు. అవి తెలిసినవారికి మొదటి అంకంలోని వంచన అంతా ఆ వేళ్ళలోనే కనిపిస్తుంది. మన అభినయంలో చేతికి తోడుగా పదం ఉంటుంది. పాడేవారు మాట అందిస్తుంటే చేయి దాన్ని విప్పుతుంది. ఇక్కడ మాట లేదు, దాన్ని చూసేవారే మనసులో పలుకుకోవాలి. అందువల్ల వెళ్ళే ముందు ఈ పది పన్నెండు సంకేతాలను నేర్చుకుని వెళ్ళడం, కథ చదవడం కన్నా ఎక్కువ ఉపయోగపడింది.

రెండో అంకంలో, పెళ్ళికి ముందే మోసపోయి మరణించిన కన్యల ఆత్మలు, విలీలు, అడవిలో రాత్రివేళ వస్తారు. తెల్లని దుస్తులలో రెండు వరసలు ఎదురెదురుగా, ఒంటికాలి మీద నిలిచి, వెనక కాలిని గాలిలో చాచి, అలాగే చిన్న చిన్న గెంతులతో వేదికను దాటి ఒకదానిలో నుంచి ఒకటి సాగిపోతాయి. పై అంతస్తు నుంచి చూడడం వల్ల ఆ అల్లిక నాకు ముగ్గు వేసినట్టు కనిపించింది. దానితోపాటు తెర మీద ఎన్నడూ వినని ఒక చప్పుడు వినిపించింది: సంగీతం తగ్గిన చోట, అన్ని పాదాలు ఒకేసారి నేలను తాకే మెత్తని దెబ్బ. మా గురువుగారు పాదాన్ని భూమికి వినిపించమనేవారు. అడుగు చప్పుడే అక్కడ లయ. వీరు ఆ చప్పుడు వినిపించకూడదని జీవితమంతా సాధన చేస్తారు, అయినా అంతమంది కలిసి దిగినప్పుడు శరీరపు బరువు పూర్తిగా దాగదు. ఆత్మలుగా కనిపిస్తున్న ఆ పిల్లల శ్రమను ఆ చప్పుడు చెప్పింది. దానివల్ల భ్రమ చెడిపోతుందని కొందరు అంటారు. నాకు మాత్రం వారి మీద గౌరవం పెరిగింది.

ఆ శరత్కాలంలో నాన్న మా ఇంటికి వచ్చారు. అమ్మ పోయాక ఆయన చేసిన మొదటి దూర ప్రయాణం అది. అప్పుడు మెట్రోపాలిటన్‌లో పుచ్చీని ‘లా బొహీం’ ఆడుతోంది. ఫ్రాంకో జెఫిరెల్లి 1981లో రూపొందించిన ప్రదర్శనే నేటికీ నడుస్తోంది. 1896లో టురిన్‌లో మొదలైన ఈ ఒపెరాలో రాజులు లేరు, దేవతలు లేరు. పారిస్‌లో అద్దె కట్టలేని నలుగురు కుర్రవాళ్ళు, కుట్టుపని చేసుకునే మిమీ అనే జబ్బు పిల్ల. నాన్నకు ఇదే సరైనదనుకుని నాలుగు అంకాల కథనూ, ముఖ్యమైన పాటల భావాన్నీ తెలుగులో ఏడు పేజీలు రాసి ఇచ్చాను. ఆయన ఎర్ర సిరా కలం తీసుకుని రెండుచోట్ల నా వాక్యాలు దిద్ది, తర్వాత మూడుసార్లు చదివారు.

ఆ సాయంత్రం రైలు దారిలో చాలాసేపు నిలిచిపోయింది. లింకన్ సెంటర్ మెట్లెక్కేసరికి ప్రదర్శన మొదలై ఇరవై నిమిషాలు దాటింది. ఆలస్యంగా వచ్చినవారిని నడుమ లోపలికి పంపరు. ఈ ప్రదర్శనలో మొదటి రెండు అంకాల మధ్య విరామం కూడా లేదు. మమ్మల్ని ఒక చిన్న హాలులో కూర్చోబెట్టారు, అక్కడ తెర మీద లోపలి వేదిక కనిపిస్తుంది. డెబ్బై నాలుగేళ్ళ మనిషిని అంత దూరం తీసుకువచ్చి, మా ఇంట్లోనే చూపించగలిగిన దాన్ని చూపిస్తున్నానన్న బాధతో నాకు మాట రాలేదు. పది నిమిషాలయ్యాక నాన్న లేచారు. “పైకి వెళ్దాం పదమ్మా, మన సీట్ల తలుపు దగ్గర నిలబడదాం,” అన్నారు. పైకి వెళ్ళాం. ద్వారం దగ్గరున్న ఉద్యోగిని పెదవుల మీద వేలు పెట్టి, నిలబడడానికి తల ఊపింది. మూసిన తలుపు అవతల నుంచి, దుప్పటి కప్పినట్టు మందంగా, నిజమైన గొంతులు వస్తున్నాయి. నాన్న తలుపుకు దగ్గరగా జరిగి, మఫ్లర్ తీసి, చెవి ఆనించి నిలబడ్డారు. రెండో అంకం ముగిసేవరకు అలాగే ఉన్నారు. “ఆ తెర మీదికన్నా ఇదే నయం,” అన్నారు తలుపు తెరిచాక.

మూడో అంకానికి లోపలికి వెళ్ళాం. తెల్లవారుజామున నగర ద్వారం దగ్గర మంచు కురుస్తోంది. ప్రతి సీటు ముందూ అనువాదం చూపించే చిన్న పలక ఉంటుంది. 1995 నుంచి ఉన్న ఈ ఏర్పాటులో ఎవరి పలక వారికే కనిపిస్తుంది, వద్దనుకుంటే ఆపుకోవచ్చు. నాన్న రెండు నిమిషాలు చూసి ఆపేశారు. చదువుతుంటే వినడం పోతోందన్నారు, అది నిజం; అప్పటి నుంచి నేను కూడా తెలిసిన ఒపెరాలకు దాన్ని వెలిగించడం లేదు. ఆ అంకం చివర మిమీ, ఆమె ప్రియుడు రొడోల్ఫో విడిపోలేక విడిపోతూ మెత్తగా పాడుతుంటే, పక్కనే మరో జంట అదే సమయంలో వేరే మాటలతో కీచులాడుకుంటుంది. నాలుగు గొంతులు, రెండు మనఃస్థితులు, ఒకే సంగీతం. నాన్న కనుబొమలు ముడిచారు.

విరామంలో దాని గురించే మాట్లాడారు. “ఇద్దరు ఒక్కసారి పద్యం అందుకుంటే మా దగ్గర దాన్ని పోటీ అంటాం. ఇక్కడ నలుగురు పాడినా ఒకరు ఒకరికి అడ్డం రాలేదు. మనకు ఈ ఏర్పాటు లేదమ్మా,” అన్నారు. ఆయనకు నచ్చని విషయం కూడా ఒకటుంది. పాట ముగింపులో గాయకుడు రాగాన్ని ఇంకా విస్తరిస్తాడని ఎదురుచూశారట, అతడు ఆగిపోయాడు. స్వరకర్త రాసినంతే పాడాలని, దాన్ని కూడా కింద నిలబడి వాద్యబృందాన్ని నడిపే కండక్టర్ చేయి నడిపిస్తుందని చెబితే, పాడేవాడికి ఆ మాత్రం స్వాతంత్ర్యం లేకపోతే ఎలాగని చాలాసేపు మథనపడ్డారు. “వన్స్ మోర్ అనడానికి కూడా లేదా?” అని అడిగారు. ఇక్కడ అది చాలా అరుదని, 1994లో పవరోట్టి తర్వాత మళ్ళీ 2008లో హువాన్ డియేగో ఫ్లోరెస్ ఒక ఆరియాను రెండోసారి పాడేదాకా ఈ వేదిక మీద అలా జరగలేదని చెప్పాను. “పద్నాలుగేళ్ళా!” అన్నారు, మనస్ఫూర్తిగా బాధపడుతూ.

నాలుగో అంకంలో మిమీ చనిపోతుంది. వైద్యానికి డబ్బు కోసం స్నేహితుడు తన పాత కోటుతో వీడ్కోలు పాడి దాన్ని అమ్మడానికి తీసుకుపోతాడు. నాన్న ఆ కోటు పాటకే కళ్ళు తుడుచుకున్నారు. అమ్మ ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో తన సైకిలు అమ్మిన సంగతి రైల్లో తిరిగివస్తున్నప్పుడు చెప్పారు. అది నాకు అంతవరకు తెలియదు.

మొదటి అంకం ఆయనకు బాకీ ఉండిపోయింది. అప్పట్లో సోమవారం నుంచి శుక్రవారం వరకు సాయంత్రం జరిగే ప్రదర్శనలకు అదే రోజు మధ్యాహ్నం పన్నెండు గంటలకు 25 డాలర్ల రష్ టిక్కెట్లు, అంటే ప్రదర్శన రోజే తక్కువ ధరకు అమ్మేవి, ఇంటర్నెట్‌లో పెట్టేవారు, నిమిషాల్లో అయిపోయేవి. మూడు రోజులు ప్రయత్నించాక రెండు దొరికాయి. ఈసారి రెండు గంటలు ముందే బయలుదేరి, ఫౌంటెన్ దగ్గర కూర్చుని ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తిన్నాం. దీపాల గుత్తులు పైకి లేస్తున్నప్పుడు నాన్న తల ఎత్తి చివరిదాకా చూశారు. చీకటి గదిలో కొవ్వొత్తి ఆరిపోవడం, తాళంచెవి వెతుకుతూ రొడోల్ఫో చేతికి మిమీ చేయి తగలడం, ఎంత చల్లగా ఉంది ఈ చిన్ని చేయి అని అతడు ఎత్తుకోవడం, అన్నీ నా ఏడు పేజీల ప్రకారమే జరిగాయి. నాన్న కళ్ళు మూసుకుని, మోకాలి మీద వేలితో తాళం లాంటిదేదో వేస్తూ, దానికి ఈ సంగీతం లొంగక మధ్యలో ఆపి, చివరికి చేయి అలా వదిలేసి విన్నారు.

ఆ అంకం ముగింపులో ప్రేమికులిద్దరూ చేయీ చేయీ పట్టుకుని బయటికి నడుస్తారు. వేదిక ఖాళీ అయిపోతుంది. చివరి మాట ‘అమోర్’, అంటే ప్రేమ. దాన్ని తెర వెనక నుంచి, ఎవరూ కనిపించకుండా, దూరమవుతూ పాడతారు. నాన్న కళ్ళు తెరిచి ఖాళీ వేదికను చూసి, నా వైపు వంగారు. “తలుపు అవతల నుంచి,” అన్నారు చాలా మెల్లగా.